నవంబరు 11: పగలు ఎండ, రాత్రి మంచు



ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది ఒకే ఒక్క తేదీ గురించి. అది పండుగా కాదు, పబ్బమూ కాదు. నవంబరు 11. ఆ తేదీన అమెరికా దేశపు నడిమి భాగంలో నమోదైన వేడి, చలి లెక్కల గురించి. "అమెరికా చలి గొడవ మనకెందుకమ్మా?" అంటారేమో. ఇవాళ మన వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా కూతురో కొడుకో డల్లాస్‌లోనో షికాగోలోనో వున్నారు. కాన్పుకని, మనవడి పుట్టినరోజుకని దసరా వెళ్ళగానే విమానం ఎక్కే అమ్మలూ అత్తగార్లూ మనలో ఎంతమంది లేరు! వాళ్ళలో చాలామంది వెళ్ళేది ఈ లెక్కలు పుట్టిన చోటికే, ఈ నెలల్లోనే. అంచేత కాస్త ఓపిగ్గా వినండి.

వాతావరణ కచేరీల్లో ఒక పద్ధతి వుంది. సంవత్సరంలో ప్రతి తేదీకీ ఒక పద్దు. ఆ వూళ్ళో లెక్కలు రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ తేదీన అన్నిటికన్నా ఎక్కువ వేడి ఎంత, ఏ సంవత్సరంలో. అన్నిటికన్నా ఎక్కువ చలి ఎంత, ఏ సంవత్సరంలో. మామూలుగా ఈ రెండు సంవత్సరాలూ వేరువేరుగా వుంటాయి. ఒక ఏడు నవంబరులో ఎండ మాడుస్తుంది, ఇంకో ఏడు చలి వణికిస్తుంది. ఓక్లహామా నగరం పద్దులో మాత్రం నవంబరు 11కి ఎదురుగా వేడి గడిలోనూ 1911 అనే వుంది, చలి గడిలోనూ 1911 అనే వుంది. వేడి 83 డిగ్రీలు, చలి 17 డిగ్రీలు. ఇవి ఫారెన్‌హీటు డిగ్రీలు, జ్వరం చూసే పాత గాజు థర్మామీటరులో మనం ఎరిగినవే. మన వాతావరణ వార్తల్లో చెప్పే సెల్సియస్‌లోకి మారిస్తే వేడి 28, చలి సున్నాకి దిగువన 8. నూరేళ్ళు నిండిన 2011 నాటికి కూడా ఆ రెండంకెల్లో ఏదీ చెదరలేదు.

ఈ రెండంకెలూ చూసి మనం ఏమనుకుంటాం? మధ్యాహ్నం 28, తెల్లవారుజామున సున్నాకి దిగువన 8 అనుకుంటాం. అది మన అనుభవం. మన దగ్గర చలికాలంలో ఏ రోజైనా అంతే. తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు, పదింటికి ఎండ పొడుస్తుంది, రెండింటికి బట్టలు ఫెళఫెళా ఆరిపోతాయి, మళ్ళీ సాయంత్రానికి చల్లబడుతుంది. చలి తర్వాత ఎండ. అందుకే పిల్లలకి పొద్దున స్వెట్టరు తొడిగి పంపిస్తే, మధ్యాహ్నం అది నడుముకి కట్టుకుని తిరిగి వస్తారు.

ఆ రోజున అక్కడ జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ఎండ, ఆ తర్వాత చలి. ఆ చలి పెరుగుతూ పోయిందే కాని మళ్ళీ ఎండ రాలేదు. అన్నిటికన్నా తక్కువ అంకె తెల్లవారుజాముది కాదు, అర్ధరాత్రిది.

మిస్సోరి రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అని ఒక వూరుంది. అక్కడి లెక్క గంటల వారీగా దొరుకుతుంది. అది శనివారం. మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకి 80 డిగ్రీలు, అంటే మన లెక్కలో 27 దాకా. నవంబరులో అక్కడ అంత వెచ్చగా వుండడం విడ్డూరమే. జనం చొక్కా చేతులు మడుచుకుని తిరిగే వాతావరణం. నాలుగు గంటలకి 40 డిగ్రీలు. అంటే మనకి 4. పావుగంట, అంతే! స్టవ్ మీద పప్పు కుక్కరు పెట్టి, కూతలు వచ్చి, దింపేలోగా. దానితో పాటు వాయవ్యం నుంచి గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి. ఏడు గంటలకి 20 డిగ్రీలు, అంటే నీళ్ళు గడ్డకట్టే మెట్టుకి 7 డిగ్రీలు కింద. అర్ధరాత్రి అయ్యేసరికి 13, సున్నాకి దిగువన పదిన్నర. ఒకే రోజున వేడి రికార్డూ చలి రికార్డూ రెండూ బద్దలు కావడం ఆ వూరి లెక్కల్లో అదే మొదటిసారి.

అదే రాష్ట్రంలో కొలంబియాలో 82 నుంచి 13కి దిగింది. కాన్సాస్ సిటీలో 76 నుంచి 11కి. ఇన్ని అంకెలు గుర్తు పెట్టుకోనక్కరలేదు లెండి. ఒక్కటి చాలు. పొద్దున ఇంట్లోంచి పల్చటి బట్టలతో బయల్దేరిన మనిషి, అదే రోజు అదే బట్టలతో, గడ్డకట్టే చలిలో ఇంటికి చేరాలి.

మరి పద్దులో ఈ సంగతి ఎందుకు తెలియదు? మళ్ళీ మన జ్వరం థర్మామీటరు దగ్గరికే రావాలి. పిల్లవాడి నాలుక కింద పెట్టి తీస్తే పాదరసం 102 దగ్గర ఆగిపోయి వుంటుంది. తీశాక గంటసేపు బల్ల మీద పెట్టినా దిగదు. విదిలిస్తేనే దిగుతుంది. లోపల గొట్టం ఒకచోట సన్నగా నొక్కి వుంటుంది కనుక ఎక్కిన పాదరసం తనంతట తాను వెనక్కి రాలేదు. వాతావరణ కచేరీలో పగటి వేడి పట్టే థర్మామీటరు కూడా దీని అన్నగారే. చలి పట్టే దానిలో పాదరసం బదులు ఆల్కహాలు, దానిలో చిన్న పుల్ల లాంటిది. చలికి ఆల్కహాలు కుంచించుకుంటే పుల్లని తనతో పాటు వెనక్కి లాక్కుపోతుంది, మళ్ళీ వేడెక్కినప్పుడు పుల్లని అక్కడే వదిలేస్తుంది. ఎంత దాకా వెళ్ళిందో పుల్ల చెబుతుంది. ఏ గంటకి వెళ్ళిందో చెప్పదు. జ్వరం 102 అని తెలుస్తుంది కాని రాత్రి రెండింటికి వచ్చిందో, తెల్లారి ఆరింటికి వచ్చిందో పక్కన కూర్చున్న తల్లికే తెలుస్తుంది, థర్మామీటరుకి తెలియదు కదండీ. అలాగే ఇదీ.

(ఈ థర్మామీటర్లు వుంచే, గాలి ఆడే బద్దీల తెల్ల పెట్టెని స్టీవెన్‌సన్ తెర అంటారు. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్, మన పిల్లలు చదివే 'ట్రెజర్ ఐలెండ్' రాసిన స్టీవెన్‌సన్‌కి తండ్రి. సందర్భం వచ్చింది కనుక చెప్పాను.)

గంటల లెక్క కావాలంటే ఇంకో పరికరం వుంది. గడియారం మాదిరి తిరిగే డ్రమ్ము మీద గీతల కాగితం చుట్టి, దాని మీద ఒక కలం ఆనించి వుంచుతారు. వేడి పెరిగితే కలం పైకి, తగ్గితే కిందికి. మామూలు రోజుల్లో ఆ గీత మెల్లగా ఎక్కి దిగే గుట్టలా వుంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి రోజున గోడ మీంచి దూకినట్టు పడుతుంది.

ఇంతకీ అంత చలి అంత హఠాత్తుగా ఎలా వచ్చింది? మన ఇంట్లో గోడకి వేలాడే ప్రపంచ పటం చూడండి. మన దేశానికి నెత్తిన హిమాలయాలు తూర్పు పడమరలుగా అడ్డంగా పడుకుని వున్నాయి. వాటి అవతలి మధ్య ఆసియా చలిగాలి నేరుగా మన మీదికి రాలేదు. ఏదో దొడ్డిదారిన ఉత్తరాదికి కాస్త వస్తుంది, మన దాకా వచ్చేసరికి దాని కోరలు అరిగిపోతాయి. మన హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1. అంటే అప్పటికీ సున్నాకి ఆరు మెట్లు పైనే. అమెరికాలో కొండలు నిలువుగా వున్నాయి, పడమటి వైపున రాకీలు, తూర్పు వైపున అపలేచియన్లు. నడుమన కెనడా ఉత్తర కొస నుంచి దక్షిణాన మెక్సికో సింధుశాఖ దాకా అంతా మైదానం. రెండు వైపులా తలుపులు తీసిన నడవ అనుకోండి. ఆ కొస నుంచి మంచుగాలి వచ్చినా, ఈ కొస నుంచి సముద్రపు వెచ్చటి గాలి వచ్చినా అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

ఆ నడవ మధ్యన బలమైన అల్పపీడనం ఏర్పడిందనుకోండి. దాని చుట్టూ గాలి సుడి తిరుగుతుంది. దానికి తూర్పున వున్న ఊళ్ళకి దక్షిణం నుంచి వెచ్చటి గాలి తోసుకొస్తుంది. అది ముందుకి జరిగిపోగానే, వెనకాల ఉత్తరం నుంచి చలిగాలి విరుచుకుపడుతుంది. కనుక నవంబరులో ఆ అకాలపు వెచ్చదనం, ఆ తర్వాతి చలి, రెండూ వేరువేరు కాదు. ఒకటే సుడి ముందు వైపు, వెనక వైపు. మనకు దక్షిణపు గాలి అంటే మలయమారుతం, కవులు పొగిడిన గాలి. అక్కడ నవంబరులో దక్షిణపు గాలి జోరుగా, వెచ్చగా వీస్తుంటే తెలిసినవాళ్ళు ముచ్చట పడరు. ఉత్తరం దిక్కు చూస్తారు.

ఈ చలిగాలికి టెక్సాసు, ఓక్లహామా వాళ్ళు పెట్టుకున్న పేరు 'బ్లూ నార్దర్'. నీలి ఉత్తరం అన్నమాట. నీలి ఉత్తరం అంటే మనం రాసుకునే ఇన్‌లాండ్ లెటరు అనుకునేరు! ఆ గాలి ముందు నడిచే మేఘం, దాని వెనక ఆకాశం ముదురు నీలంగా కనిపిస్తాయని ఆ పేరు. 1911 నాటి దాన్ని 'మహా నీలి నార్దర్' అని ఇప్పటికీ చెప్పుకుంటారు. 11వ సంవత్సరం, 11వ నెల, 11వ తేదీ కావడంతో ఎవరికీ మరుపు రాలేదు.

వేడీ చలీ ఢీకొన్న చోట గాలి ఊరుకోదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో జేన్స్‌విల్ అనే ఊరి చుట్టుపక్కల ఆ రోజు పెద్ద సుడిగాలి పడింది. మామూలుగా సుడిగాలులు వేసవి ముందు నెలల సరుకు. తొమ్మిది మంది పోయారు. ఇళ్ళు కూలాయి. మట్టిపెళ్ళలూ దూలాలూ తొలగించి మనుషుల్ని బయటికి తీసేందుకు జనం పరుగెత్తారు. గంట తిరిగేలోగా మంచు కురవడం మొదలైంది, తుపానైంది. పైకప్పు ఎగిరిపోయిన ఇంట్లో, మంచులో, పిల్లల్ని పెట్టుకుని ఆ తల్లులు ఆ రాత్రి ఏం చేసి వుంటారో నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంకో తమాషా కూడా వుంది. ఈ తేదీ పద్దులు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క. ఆ చలిగాలి ఓక్లహామాకి ఏ ఆరు గంటలో ఆలస్యంగా వచ్చి వుంటే, ఆ 17 డిగ్రీలు 12వ తేదీ పద్దులో పడేవి. 11వ తేదీకి వేడి రికార్డు మాత్రమే మిగిలేది. షికాగోకి అదే జరిగింది. 11న అక్కడ 74 డిగ్రీలు, 13కి దిగింది మాత్రం 12వ తేదీన. అక్కడి మనుషులకి వణుకేమీ తగ్గలేదు కాని పద్దులో ఆ రెండూ వేరువేరు రోజులైపోయాయి. మన పెద్దల లెక్కలో సూర్యోదయం నుంచి మళ్ళీ సూర్యోదయం దాకా ఒక రోజు. ఆనాడు మనకి కార్తీక బహుళం. మన పంచాంగం ప్రకారం పద్దు రాసి వుంటే ఆ పగలూ ఆ రాత్రీ ఒకే గడిలో వుండేవి. ఈ విషయంలో మన పద్ధతే మనిషి బతుకుకి దగ్గరగా వుందని నాకనిపిస్తుంది. రాత్రి ఇంటికి చేరేదాకా ఆ రోజు అయిపోయినట్టు కాదుగా.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత, 1940లో, మళ్ళీ అదే తేదీ. ఈసారి అది సెలవు రోజు కూడా. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో నవంబరు 11న ఆగింది కనుక, దాని జ్ఞాపకార్థం సెలవు. సోమవారం. మిన్నెసోటా రాష్ట్రంలో పొద్దున నులివెచ్చగా వుంది. సెలవు, పైగా మంచి పొద్దు. వందలాది మగవాళ్ళు, కొందరు పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, అడవి బాతుల వేటకని మిస్సిసిపీ నదిలోకి వెళ్ళారు. ఆ నది అక్కడ మన గోదావరి లాగే పాయలు పాయలుగా చీలి, మధ్య మధ్య లంకలతో వుంటుంది. చిన్న పడవల్లో ఆ లంకలకి చేరారు. చాలామంది ఒంటి మీద పల్చటి కోట్లే.

బాతులు ఆ రోజు లెక్కలేనన్ని వచ్చాయట. ఆకాశం నిండా గుంపులే. వేటగాళ్ళకి పండగైంది. ఆ పక్షులు వాళ్ళ కోసం రాలేదు, వెనక తరుముకొస్తున్న గాలికి భయపడి పారిపోతున్నాయి. ఆ సంగతి మనుషులకి అర్థమయ్యేసరికి గాలి మళ్ళింది. ముందు వాన, ఆపైన మంచు. పగలు 50, 60 డిగ్రీల మధ్య వున్న వేడి, దాదాపు 50 డిగ్రీలు పడిపోయింది. నదిలో అలలు అయిదడుగుల ఎత్తు లేచాయి. చిన్న పడవలు ఎలా దాటతాయి? లంకల్లోనే చిక్కడిపోయారు. తడిసిన బట్టలు ఒంటి మీదే బిగుసుకుపోయాయి. కొందరు పడవల్ని బోర్లించి కింద దూరారు. కొందరు రాత్రంతా నిలబడే వుండి, కాళ్ళూ చేతులూ ఆడిస్తూ, పక్కవాడికి కునుకు పడితే తట్టి లేపుతూ గడిపారు. అలా చేసినవాళ్ళు చాలామంది బతికారు. కాసేపు కూర్చుందామని చెట్టుకి ఆనుకున్నవాళ్ళు కొందరు మరి లేవలేదు. మిన్నెసోటాలో ఆ తుపానుకి పోయిన 49 మందిలో సగం దాకా ఈ వేటకి వెళ్ళినవాళ్ళే. అన్ని రాష్ట్రాలూ కలిపితే నూట నలభై పైచిలుకు. కాలేజ్‌విల్ అనే చోట 27 అంగుళాల మంచు పడింది. గాలికి ఎగిరి పోగుపడిన చోట ఇరవై అడుగుల గుట్టలు.

మిషిగన్ సరస్సు సముద్రమంత వుంటుంది, పెద్ద సరుకు ఓడలు తిరుగుతాయి. ఆ రోజు మూడు ఓడలు దానిలో దెబ్బతిన్నాయి. డేవోక్, మించ్ అనే రెండూ మనుషులందరితో సహా మునిగాయి. నోవడాక్ అనే మూడోది ఒడ్డుకి దగ్గర్లో ఇసుకలో కూరుకుని విరిగింది. దానిలో ఇద్దరు వంటవాళ్ళు అలలకి కొట్టుకుపోయారు. మిగిలినవాళ్ళు రెండు రోజులు, గడ్డకట్టిన ఓడలో, ఒడ్డు కంటికి కనిపిస్తూనే వుండగా వుండిపోయారు. చివరికి క్లైడ్ క్రాస్ అనే చేపల పడవ యజమాని తన చిన్న పడవ వేసుకుని వెళ్ళి వాళ్ళని దింపుకొచ్చాడు.

నది మీద చిక్కినవాళ్ళ కోసం వినోనా వూళ్ళో మాక్స్ కాన్రాడ్ అనే విమాన చోదకుడు మర్నాడు తన చిన్న విమానం తీశాడు. గాలి ఇంకా తగ్గనే లేదు. లంకల మీద కిందుగా తిరుగుతూ, రొట్టెలూ అగ్గిపెట్టెలూ సారా సీసాలూ సిగరెట్లూ డబ్బాల్లో పెట్టి పడేశాడు. ఎక్కడ మనుషులు వున్నారో అక్కడే చుట్టూ తిరుగుతూ, రక్షించడానికి వచ్చే పడవలకి దారి చూపించాడు. సారా సీసా అనగానే మొహం చిట్లించకండి, ఆ పూట వాళ్ళకి ముఖ్యంగా కావలసింది అగ్గిపెట్టె.

ఇంతమందికి ముందుగా ఎందుకు తెలియలేదు? ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతటికీ వాతావరణ సూచన ఇచ్చేది షికాగో కచేరీ ఒక్కటే. రాత్రి పూట అక్కడ పనిచేసేవాళ్ళు లేరు. తుపాను బలపడింది సరిగ్గా ఆ రాత్రే. పొద్దున్న వాళ్ళు వచ్చి లెక్కలు చూసుకునేసరికి వేటగాళ్ళు నది మీద వున్నారు. ఈ నష్టం తర్వాత కచేరీలు రాత్రింబవళ్ళు నడిచే ఏర్పాటు చేశారు, సూచనలు ఇచ్చే కచేరీల సంఖ్య పెంచారు. రోగి పక్కన రాత్రి మేలుకుని కూర్చోవడం ఏమిటో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? జ్వరం పెరిగేది రాత్రే కదా.

మనకూ నవంబరు సంగతి తెలియనిది కాదు. మన నవంబరు భయం చలి కాదు, సముద్రం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడి వేలాది మంది పోయారు. తీరం పొడుగునా తుపాను ఆశ్రయ భవనాలు లేచింది ఆ తర్వాతే. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో రేడియోలో చెబితే మన తీరం ఆడవాళ్ళు దాని అర్థం చెప్పగలరు. అమెరికాలో కూడా ఒకప్పుడు చలి వస్తోందనడానికి జెండా వుండేది. తెల్ల గుడ్డ, నడుమ నల్లటి చదరం. ఇప్పుడు జెండాలు పోయాయి, చేతిలో ఫోను వుంది. కాని ఫోను మొదటి అరలో కనిపించేది మళ్ళీ అవే రెండంకెలు. గరిష్ఠం ఇంత, కనిష్ఠం ఇంత. గంట చెప్పదు.

అందుకే నేను ముఖ్యంగా చెప్పదలచింది అక్కడికి వెళ్ళే అమ్మలకి, అత్తగార్లకి. పొద్దున కిటికీలోంచి ఎండ కనబడుతుంది. పిల్లలు ఆఫీసులకి వెళ్ళిపోతారు. పసివాణ్ణి బండిలో కూర్చోబెట్టుకుని, నూలు చీర మీద ఒక శాలువా, కాళ్ళకి చెప్పులు, అలా రెండు వీధులు తిరిగొద్దామనిపిస్తుంది. వెళ్ళండి, తప్పు లేదు. వెళ్ళేముందు ఫోనులో ఆ రెండంకెల కింద గంటల వారీ వరస వుంటుంది, వేలితో జరిపి చూడండి. వరసలో అంకె మెల్లగా దిగుతుంటే ఫరవాలేదు. ఒక గంటకీ ఇంకో గంటకీ పది పదిహేను డిగ్రీల తేడా వుంటే, గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి మళ్ళుతుందని రాస్తే, ఆ గంటకి రెండు గంటల ముందే ఇంట్లో వుండండి. చేతిలో ఇంటి తాళం వుందో లేదో కూడా చూసుకోండి. తనంతట తాను గడియ పడే తలుపులు అక్కడ చాలా ఇళ్ళకి వుంటాయి.

పిల్లలకి చెప్పవలసింది కారు గురించి. పొద్దున వెచ్చగా వున్నా కారు డిక్కీలో ఒక కంబళి, చేతి తొడుగులు, టోపీ, మందపాటి మేజోళ్ళు నవంబరు నుంచీ వుండాల్సిందే. కాసిని జీడిపప్పులో, వేరుశనగ చిక్కీలో ఒక డబ్బాలో పోసి పెట్టుకోమనండి. దారిలో మంచు తుపాను పట్టుకుని కారు ఆగిపోతే దిగి నడవకూడదు. కారులోనే వుండాలి. వెచ్చదనానికి ఇంజను వేసే ముందు, వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోలేదని దిగి చూసుకోవాలి. మూసుకుపోతే ఆ విషవాయువు లోపలికి వస్తుంది. దానికి వాసన వుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంకొకటి. చలికి వేళ్ళు తెల్లబడి, స్పర్శ పోయి, కొంకర్లు పోతే మన అలవాటు గబగబా రుద్దడం, లేదా వేడి నీళ్ళలో ముంచడం. రెండూ వద్దు. రుద్దితే గడ్డకట్టిన చర్మం లోపల చిట్లుతుంది. స్పర్శ లేని చేతికి నీళ్ళు ఎంత వేడిగా వున్నదీ తెలియక బొబ్బలెక్కుతుంది. పసిపిల్లకి స్నానానికి కలిపినట్టు గోరువెచ్చగా కలిపి, మోచేత్తో చూసి, దానిలో వుంచాలి. తడి బట్టలు ముందు విప్పేయాలి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికే.

నవంబరు మొదటి ఆదివారం నాడు అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు షికాగోకీ మనకీ తేడా పదకొండున్నర గంటలు. మనం రాత్రి తొమ్మిదిన్నరకి భోజనాలు అయ్యాక ఫోను చేస్తే అక్కడ ఉదయం పది. సరిగ్గా ఎండ చూసి వీధిలోకి వెళ్ళబోయే వేళ. "ఏం వండావే, పిల్లవాడు తిన్నాడా" అని అడిగాక, "గాలి ఎన్నింటికి మళ్ళుతుందిట?" అని కూడా అడగండి.